ఛాతీ పట్టీ తీర్చిన అనుమానం: పోలార్ హెచ్10తో పద్నాలుగు నెలలు

నిరుడు ఫిబ్రవరిలో గుండె వేగం కొలిచే పోలార్ హెచ్10 ఛాతీ పట్టీని కొన్నప్పుడు నా ఉద్దేశం ఒక్కటే: మూడు నెలలుగా నా పరుగు దిగజారిపోతోందని చూపిస్తున్న చేతి గడియారం లెక్క తప్పని తేల్చుకోవాలి. పద్నాలుగు నెలలు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. పట్టీ తన పని తాను కచ్చితంగా చేసింది; తేలిన విషయం మాత్రం నేను ఊహించినది కాదు. పరుగు తగ్గి, గుండె వేగం పెరిగి, కారణం అంతుబట్టక తికమకపడుతున్నవారు నాకు తెలిసిన పరుగు బృందాలలోనే నలుగురైదుగురు ఉన్నారు కాబట్టి, వస్తువు గుణగణాలతో పాటు అది నాకు ఏ పరిస్థితిలో, ఎంతవరకు ఉపయోగపడిందో కూడా వివరంగా చెబుతాను.

నా వయసు 43. హైదరాబాద్‌లో ఆరేళ్లుగా పరుగెత్తుతున్నాను. వారానికి నాలుగు రోజులు, మొత్తం 35 నుంచి 40 కిలోమీటర్లు. పట్టీ కొనడానికి ఆరు నెలల ముందు, ఆగస్టులో జరిగిన హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ దూరాన్ని, అంటే 21.1 కిలోమీటర్లను, 2 గంటల 24 నిమిషాలలో పూర్తిచేశాను. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ సాగే ఆ దారి తెలిసినవారికి, నా వరకు అది మంచి సమయమేనని అర్థమవుతుంది. ఆ రోజుల్లో కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల చొప్పున, పక్కవారితో మాట్లాడుకుంటూ పరుగెత్తితే నా గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకునేది.

నవంబరు నుంచి ఈ లెక్క మారింది. అదే ఏడున్నర నిమిషాల వేగానికి గడియారం 150 చూపించసాగింది, డిసెంబరు చివరికి 155 దాటింది. పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకే మాట్లాడటం కష్టమయ్యేది. మూడో అంతస్తుకు మెట్లెక్కి వెళ్తే గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుని గానీ తాళం తీయలేకపోయేదాన్ని. హైదరాబాద్‌లో పరుగుకు నవంబరు నుంచి జనవరి దాకా ఉన్నంత అనువైన కాలం మరొకటి లేదు. ఏప్రిల్‌లోనో మే నెలలోనో ఇలా జరిగి ఉంటే ఎండ మీదికి నెట్టేసేదాన్ని, ఎందుకంటే వేడికి చర్మం వైపు రక్తం ఎక్కువగా మళ్లి, చెమట వల్ల ఒంట్లో నీరు తగ్గి, అదే వేగానికి గుండె మరిన్నిసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. చలికాలపు తెల్లవారుజామున ఆ సాకు చెల్లదు. తోటివారిలో ఒకరు వయసన్నారు, ఒకరు నిద్ర చాలడం లేదన్నారు, ఇంకొకరు మారథాన్ తరువాత విశ్రాంతి తీసుకోలేదన్నారు. రెండు వారాలు పూర్తిగా మానేసి చూశాను. తిరిగి మొదలుపెట్టిన రోజు మరింత భారంగా ఉంది.

నేను మాత్రం తప్పు గడియారానిదేనని నమ్మాను. ఈ నమ్మకం పూర్తిగా ఆధారం లేనిది కాదు. చేతి గడియారం అడుగున వెలిగే ఆకుపచ్చ కాంతి చర్మంలోకి వెళ్లి, గుండె కొట్టుకున్నప్పుడల్లా పెరిగి తగ్గే రక్తాన్ని బట్టి కొంత వెనక్కి వస్తుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి గడియారం గుండె వేగాన్ని అంచనా కడుతుంది. పరుగులో చెయ్యి ఊగుతుంది, గడియారం జారుతుంది, చెమట పడుతుంది. అడుగుల లయ గుండె లయకు దగ్గరగా ఉన్నప్పుడు గడియారం గుండెను వదిలేసి అడుగులను లెక్కపెట్టడం పరుగెత్తేవారందరికీ తెలిసిన లోపం. నేను నిమిషానికి 172 అడుగులు వేస్తాను. డిసెంబరులో కొన్ని రోజులు గడియారం అరగంట సేపు 171, 172, 173 దగ్గరే కదలకుండా నిలబడిపోయింది. ఆ గడియారమే నా ఆక్సిజన్ సామర్థ్యం (వీఓ2 మ్యాక్స్, అంటే వ్యాయామంలో ఒళ్లు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్) 38 నుంచి 34కు పడిపోయిందని కూడా చూపించింది. అయితే ఆ అంకెను అది విడిగా కొలవదు. ఎంత వేగానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది అన్న నిష్పత్తి నుంచే లెక్కకడుతుంది. మొదటి అంకె తప్పయితే రెండోదీ తప్పే కదా అనుకుని, రెండింటినీ పక్కన పెట్టేశాను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే బాధ కలిగించే విషయం ఒకటుంది. అదే గడియారం రాత్రి నిద్రలో నా గుండె వేగం 56 నుంచి 64కు పెరిగిందని కూడా చూపించింది. నిద్రలో చెయ్యి కదలదు, చెమట ఉండదు, అడుగుల లయ అసలే ఉండదు. మణికట్టు నుంచి తీసే కొలతల్లో నమ్మదగినది ఏదైనా ఉందంటే అదే. పరుగులోని అంకెల మీద కోపంతో ఆ అంకెను కూడా నమ్మలేదు.

ఇక పట్టీ సంగతి. పోలార్ ఫిన్లాండ్‌లోని కెంపెలెలో 1977లో మొదలైన సంస్థ. తీగ లేకుండా ఒంటికి కట్టుకుని గుండె వేగం చూసుకునే పరికరాన్ని 1982లోనే తెచ్చింది. హెచ్10లో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి సాగే గుడ్డ పట్టీ, దాని లోపలి వైపు విద్యుత్తును గ్రహించే మెత్తని భాగాలు, జారకుండా పట్టుకునే చిన్న చిన్న సిలికాన్ చుక్కలు. రెండోది ప్రెస్ గుండీల్లా పట్టీకి బిగించుకునే చిన్న బిళ్ల. గుండె ప్రతిసారి ముడుచుకునేటప్పుడు పుట్టే విద్యుత్ సంకేతాన్నే ఇది పట్టుకుంటుంది. ఆసుపత్రిలో ఈసీజీ తీసే సూత్రమే ఇదీ. చెయ్యి ఊగినా, అడుగులు ఎన్ని పడినా ఈ లెక్కకు సంబంధం లేదు. బ్లూటూత్ మీద ఒకేసారి రెండు పరికరాలకు, దానితో పాటు యాంట్ ప్లస్ అనే మరో తీగలేని పద్ధతి ద్వారా వ్యాయామశాల యంత్రాలకు కూడా అంకెలు పంపగలదు. ఫోన్ వెంట తీసుకెళ్లడం ఇష్టం లేనివారి కోసం ఒక వ్యాయామాన్ని తనలోనే దాచుకుంటుంది, అయితే ఆ నమోదును ముందుగా ఫోన్‌లోనే మొదలుపెట్టాలి. దీనికి తెర లేదు, దీపం లేదు. అంకె చూడాలంటే ఫోనో గడియారమో తప్పనిసరి.

కట్టుకోవడంలో ఒక పద్ధతి ఉంది, అది పాటించకపోతే ఎంత ఖరీదైన పట్టీ అయినా తప్పు చూపిస్తుంది. విద్యుత్తును గ్రహించే భాగాలను నీళ్లతో బాగా తడపాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు వంటింటి కుళాయి కింద పట్టీని పెట్టి, లోపలి వైపు బొటనవేలితో రెండుసార్లు రుద్ది, రొమ్ము ఎముక కింది అంచుకు బిళ్ల వచ్చేలా కట్టుకుంటాను. చలికాలంలో ఆ తడి ఒంటికి తగిలినప్పుడు ఒక్కసారి ఊపిరి ఆగినట్టవుతుంది, రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. పొడి చర్మం మీద కట్టుకుంటే చెమట పట్టేదాకా అంకెలు ఉన్నట్టుండి పైకీ కిందికీ గెంతుతాయి. పాలిస్టర్ టీ షర్టు గాలికి రెపరెపలాడి పుట్టే స్థిర విద్యుత్తు వల్ల కూడా అలా జరగవచ్చు. ఇవి ఛాతీ పట్టీలన్నిటికీ ఉన్న ఇబ్బందులే. స్త్రీలకు ఇంకో మాట: స్పోర్ట్స్ బ్రా కింది అంచు పట్టీ మీద పడితే రెండూ కలిసి ఒరుసుకుంటాయి. గంట దాటే పరుగులకు ముందు ఆ చోట వాజలిన్ రాసుకోవడం, పట్టీని బ్రా అంచుకు వేలెడు కిందికి దించుకోవడం నాకు సరిపడింది.

మొదటి వారం గడియారాన్ని దాని సొంత కొలత మీదే ఉంచి, పట్టీని ఫోన్‌కు కలిపి, ఒకే పరుగును రెండింటితో కొలిచాను. మంగళవారం కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తినప్పుడు గడియారం 172 చూపిస్తుంటే ఫోన్‌లో 154 ఉంది. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. నా అనుమానం నిజమైందని, నాకు ఏమీ కాలేదని ఇంటికి రాగానే మావారికి చెప్పాను. గురువారం రెండు అంకెలూ కలిశాయి, 156, 157. శనివారమూ అంతే. ఆదివారం మళ్లీ గడియారం అడుగుల లెక్కలో పడింది, పట్టీ 155 దగ్గర ఉంది. నాలుగు పరుగుల అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూసుకున్నప్పుడు విషయం తెలిసింది. గడియారం కొన్ని రోజులు తప్పు చెప్పిన మాట నిజమే. ఆ తప్పులన్నీ తీసివేసినా, ఒకప్పుడు 140 ఉండాల్సిన చోట 155 మిగిలింది. గుండె అదనంగా కొట్టుకున్న ఆ పదిహేను దెబ్బలకు గడియారానికి సంబంధం లేదు.

ఆ తరువాత అయిదు ఆదివారాలు ఒకే పరీక్ష పెట్టుకున్నాను. మా అపార్ట్‌మెంట్ వ్యాయామశాలలో ఏసీ 24 డిగ్రీల మీద, ట్రెడ్‌మిల్ గంటకు 8 కిలోమీటర్ల మీద, ఖాళీ కడుపుతో, అరగంట. మొదటి పది నిమిషాలు వదిలేసి మిగిలిన ఇరవై నిమిషాల సగటు తీసుకున్నాను. వరుసగా 157, 159, 156, 160, 158 వచ్చాయి. బయట గాలి, ఎండ, ఎత్తుపల్లాలు, కబుర్లు ఏవీ లేని చోట పట్టీ ఇలా వారం వారం నాలుగు దెబ్బల తేడాలోనే నిలబడటం చూశాక, ఈ అంకెలను నమ్మక తప్పలేదు. నా దృష్టిలో హెచ్10కు ఇవ్వగల పెద్ద కితాబు ఇదే.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. పరుగులో ఛాతీలో నొప్పి గానీ, కళ్లు తిరిగి పడిపోవడం గానీ, గుండె లయ తప్పినట్టు అనిపించడం గానీ ఉన్నవారు పట్టీ కొని కొలుచుకుంటూ కూర్చోకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. హెచ్10 వ్యాయామానికి ఉద్దేశించిన పరికరం, జబ్బు నిర్ధారించేది కాదు. నాకు ఆ లక్షణాలేవీ లేవు. అయినా మూడు నెలలు ఆగడం తప్పేనని ఇప్పుడు అనిపిస్తుంది.

మార్చి మధ్యలో కాగితం పట్టుకుని మా కుటుంబ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అంతకు ముందు జనవరిలో వేరే పని మీద వెళ్లినప్పుడు "ఈ మధ్య పరుగులో ఆయాసం వస్తోందండీ" అన్నాను గానీ, గడియారం పాడైనట్టుంది అని నేనే ఆ మాటను తేలిక చేసేశాను. ఈసారి అయిదు వారాల అంకెలు, వాటి పక్కన పాత అంకెలు, నిద్రలో గుండె వేగం అన్నీ ఉన్నాయి. ఆమె కాగితం చదివి, నా కింది కనురెప్పను వేలితో కిందికి లాగి చూసి, "నెలసరి ఎన్ని రోజులు ఉంటోందమ్మా?" అని అడిగారు. ఏడెనిమిది రోజులని, ఏడాదిగా ఎక్కువగానే అవుతోందని చెప్పాను. ఈ వయసులో అది మామూలేననుకుని ఎవరితోనూ అననిది ఆ ఒక్క ప్రశ్నతో బయటికి వచ్చింది. ఈసీజీ తీయించారు, థైరాయిడ్ చూశారు, రెండూ బాగున్నాయి. హిమోగ్లోబిన్ 11.2 వచ్చింది. ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంత ఉందో చెప్పే ఫెరిటిన్ 7 మాత్రమే ఉంది.

గర్భవతులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతగా, పెద్దవారిలో ఫెరిటిన్ 15 కంటే తగ్గితే ఇనుము లోపంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. నా 11.2 చూసి చాలామంది కొంచెమే కదా తక్కువ అన్నారు. పరుగెత్తేవారికి అది కొంచెం కాదు. కండరాలకు ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. అది తగ్గితే గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. చిన్న బిందెతో తొట్టి నింపాలంటే బావి దగ్గరికి ఎక్కువసార్లు తిరగాలి, గుండె చేసేదీ అదే పని. కండరాలలో ఆక్సిజన్‌ను దాచే మయోగ్లోబిన్‌కు, శక్తిని పుట్టించే ఎంజైములకు కూడా ఇనుము కావాలి కాబట్టి, హిమోగ్లోబిన్ ఇంకా హద్దులోనే ఉండగా కూడా ఫెరిటిన్ అడుగంటినవారికి పరుగు భారమవుతుంది. పైగా పరుగెత్తేవారికి ఇనుము పోయే దారులు ఎక్కువ: అరికాలు నేలను తాకిన ప్రతిసారీ కొన్ని ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి, చెమటలో కొంత పోతుంది, గట్టి పరుగు తరువాత కొన్ని గంటలపాటు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి పేగు ఇనుమును పీల్చుకోనివ్వదు. దీనికి నెలసరి తోడైతే చెప్పేదేముంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 57 శాతం మందికి రక్తహీనత ఉంది, తెలంగాణలో 57.6 శాతం. "ఒంట్లో రక్తం లేదు" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాటకు ఇంత లెక్క ఉందని, పరుగెత్తే ఆడవాళ్లం దానికి మినహాయింపు కాదని నాకు ముందే తట్టాల్సింది.

డాక్టరమ్మ రోజు విడిచి రోజు ఐరన్ మాత్ర రాశారు, నెలసరి సంగతి చూడటానికి గైనకాలజిస్టు దగ్గరికి పంపారు. ఉప్మా తిన్న వెంటనే ఫిల్టర్ కాఫీ తాగే నా అలవాటును మాన్పించారు. కాఫీ, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, నిమ్మరసం వంటి పులుపు సాయపడుతుంది. ఇది చదివి ఎవరూ సొంతంగా ఐరన్ మాత్రలు కొనుక్కోవద్దని ప్రార్థన. ఒంట్లో చేరిన ఇనుము అంత తేలికగా బయటికి పోదు, అతిగా చేరితే కాలేయానికీ గుండెకూ ప్రమాదం. తలసీమియా అనే వంశపారంపర్య రక్త లోపపు జన్యువు ఉన్నవారికి ఇనుము సరిపడా ఉన్నా హిమోగ్లోబిన్ తక్కువే ఉండవచ్చు. రక్త పరీక్ష లేకుండా ఈ తేడా తెలియదు.

కోలుకోవడాన్ని కూడా అదే ట్రెడ్‌మిల్ మీద, అదే పట్టీతో కొలిచాను. మాత్రలు మొదలుపెట్టిన మూడో వారం 157; ఏ మార్పూ లేదు, మనసు కుంగింది. ఆరో వారం 152. జూన్‌లో 146. జూలైలో మళ్లీ చేయించిన పరీక్షలో హిమోగ్లోబిన్ 12.9, ఫెరిటిన్ 41 వచ్చాయి. ఆగస్టులో పట్టీ 142 చూపించింది. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే, మూడో వారంలోనే నేను మాత్రలు మానేసి ఉండేదాన్నేమో. ఆ ఏడాది మారథాన్‌లో ఆమె సలహా మీద హాఫ్‌కు బదులు 10 కిలోమీటర్లే పరుగెత్తాను. పూర్తిచేసి స్టేడియంలో కూర్చున్నప్పుడు పక్కనున్న అమ్మాయి "అక్కా, మీరు దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు" అంది. ఆ మాట విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

వస్తువుగా దీని గురించి మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. గుండె దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధిని ఇది ఎంతో సూక్ష్మంగా పట్టుకుంటుంది కాబట్టి, పొద్దున్నే దాని హెచ్చుతగ్గులను కొలిచే యాప్‌లతో వాడుకోవచ్చు. నేను రెండు నెలలు చేశాను; రోజుకో రకంగా మారే ఆ అంకె నాకు దిగులు పెంచిందే తప్ప దారి చూపలేదు, అందుకని మానేశాను. వాడిన తరువాత బిళ్లను విప్పి పట్టీని మంచినీళ్లతో కడగడం తప్పనిసరి, లేకపోతే చెమట ఉప్పు పేరుకుంటుంది. బిళ్లను పట్టీకి తగిలించి ఉంచితే బ్యాటరీ కూడా ఊరికే ఖర్చవుతుంది. బ్యాటరీ సీఆర్2025 రకం నాణెం లాంటిది, దాదాపు 400 గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది. మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: మా వీధిలోని గడియారాల దుకాణంలో అడగ్గానే సీఆర్2032 చేతిలో పెట్టారు. రెండూ గుండ్రంగా ఒకేలా కనిపిస్తాయి, రెండోది కాస్త మందం, ఇందులో సరిగా కూర్చోదు. ధర ఒక జత మంచి పరుగు బూట్ల ధరకు దగ్గరగా ఉంటుంది. గుడ్డ పట్టీ పాతబడితే అది ఒక్కటే విడిగా కొనుక్కోవచ్చు, బిళ్ల అదే పనికొస్తుంది.

సరదాకి పరుగెత్తేవారికి, మాట్లాడగలిగే వేగమే కొలమానంగా పెట్టుకున్నవారికి ఇది అవసరం లేదు. గుండె వేగాన్ని బట్టి సాధన చేసేవారు, గడియారం అంకెలు అడుగుల లెక్కతో కలిసిపోతున్నాయని అనుమానం ఉన్నవారు తప్పక కొనాలి. పరుగు తగ్గిపోయి కారణం తెలియనివారు డబ్బు ఒకదానికే పెట్టగలిగితే, ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలకు పెట్టి, పట్టీని తరువాత చూసుకోవాలని నా అభిప్రాయం. కొన్న రోజు నుంచీ, 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగాన్ని లెక్కకట్టే సూత్రంతో వచ్చిన హద్దులను మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. ఆ లెక్కన నా గరిష్ఠం 177, ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఫ్లైఓవర్ ఎక్కుతూ పట్టీ మీద నేను చూసినది 186.

ఈ ఆగస్టుకు హాఫ్ పేరు నమోదు చేసుకున్నాను. ట్రెడ్‌మిల్ పరీక్ష ఇప్పుడు నెలకొక ఆదివారం చేస్తున్నాను, మొన్నటిది 141. తరువాతి ఫెరిటిన్ పరీక్ష జూన్‌లో ఉంది, కాగితం డాక్టరమ్మ ఫైలులోనే ఉంది.